ఆటోనగర్ నుంచి థార్ ఇసుకకి, లద్దాఖ్ కనుమలకి: బండిని సిద్ధం చేసుకోవడం ఎలా

మొదటిసారి జైసల్మేర్ ఇసుకలోకి వెళ్దామనుకున్నప్పుడు నేను చేసిన మొదటి పని, విజయవాడ ఆటోనగర్‌లో టాప్ మీద క్యారియర్ కట్టించడం. దళసరి జీఐ పైపులు, వాటి మీద జాలీ, ముందు వరసన నాలుగు లైట్లు. బండి పెళ్లికొడుకులా తయారైంది. సంబరంగా తీసుకెళ్లి మా మేస్త్రీకి చూపిస్తే ఆయన చుట్టూ ఒకసారి తిరిగి, "నగలు బాగానే పెట్టించావు బాబూ, కడుపులో ఏముందో చూశావా?" అన్నాడు. నవ్వేసి ఊరుకున్నాను.

సమ్ ఇసుకదిబ్బలు దాటాక గతుకుల మట్టిరోడ్డు మీద నలభై కిలోమీటర్లు నడిచేసరికి క్యారియర్ వెల్డింగు ఒక మూల విడిపోయింది. తెచ్చుకున్న తాళ్లన్నీ దాన్ని కట్టడానికే సరిపోయాయి. అదే సాయంత్రం రేడియేటర్ గొట్టం క్లిప్పు వదులై కూలెంట్ కారిపోయింది. కొత్త లైట్ల వెలుగులో, పాత క్లిప్పు బిగించుకుంటూ కూర్చున్నాం.

తర్వాత ఇంకోసారి ఎడారికి, రెండుసార్లు హిమాలయాలకి వెళ్లొచ్చాను. నాది మహీంద్రా డీజిల్ థార్, మా బావమరిదిది మారుతి జిమ్నీ. ఇప్పుడు ఎవరైనా అడిగితే చెప్పేది ఒకటే: ఇలాంటి ప్రయాణానికి బండిని సిద్ధం చేయడంలో తగిలించేవాటి కన్నా తీసేసేవే ఎక్కువ. పాత కూలెంట్, పాత బ్రేక్ ఆయిల్, అక్కర్లేని బరువు, ఆఖరికి టైర్లలో గాలి కూడా. కింద చెప్పేవన్నీ ఆ వరసలోనే ఉంటాయి. కొనాల్సినవి చివరికి వస్తాయి.

ముందు నెల చూసుకోండి

విజయవాడ నుంచి జైసల్మేర్‌కి దగ్గర దగ్గర రెండు వేల కిలోమీటర్లు. మనాలీ ఇంకో మూడు వందలు ఎక్కువ. అంటే అసలు దారి మొదలయ్యే ముందే బండి మూడు నాలుగు రోజులు హైవే మీద ఏకబిగిన పరిగెత్తాలి. ఆ హైవే భాగానికి తట్టుకోని బండి ఇసుకలో ఏం తట్టుకుంటుంది?

ఎడారికి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. మనాలీ–లేహ్ దారి సుమారుగా జూన్ నుంచి సెప్టెంబరు దాకా నమ్మకంగా ఉంటుంది. 2020 అక్టోబరులో 9 కిలోమీటర్ల అటల్ సొరంగం తెరిచాక రోహ్తాంగ్ కనుమ ఎక్కే గొడవ తగ్గింది కానీ, ఆ పైన ఉన్న బారాలాచా, తగ్లాంగ్ కనుమల మీద మంచు తన ఇష్టప్రకారమే పడుతుంది. బయల్దేరే తేదీకి ఆరు వారాల ముందు పని మొదలుపెట్టండి. ఆఖరి వారంలో కొత్తగా ఏదీ బిగించకండి. కొత్తగా వేసిన ఏ భాగమైనా ఒక అయిదు వందల కిలోమీటర్లు మన ఊళ్లో తిరిగాకే దాని అసలు రంగు బయటపడుతుంది.

ఏ బండి అనే ప్రశ్న

ఫోర్ బై ఫోర్, అంటే నాలుగు చక్రాలకీ ఇంజిన్ బలం అందేది, అందులో నెమ్మదిగా ఎక్కువ బలంతో లాగే 'ఫోర్ లో' గేరు ఉన్నదైతే చాలు. థార్, జిమ్నీ, గూర్ఖా, పాత జిప్సీ, ఫోర్‌ట్యూనర్, మన శ్రీసిటీలోనే తయారయ్యే ఇసుజు వీ-క్రాస్, ఏదైనా సరే. థార్ కింద 226 మిల్లీమీటర్ల ఖాళీ ఉంటుంది, జిమ్నీకి 210. ఆ పదహారు మిల్లీమీటర్ల కన్నా జిమ్నీ తేలికదనమే ఇసుకలో ఎక్కువ పని చేస్తుందని మా బావమరిది నాకు రెండుసార్లు నిరూపించాడు. రెండోసారి నన్ను లాగి మరీ.

ఒక చిన్న సంగతి. మన ఊళ్లో ఫోర్ బై ఫోర్ లివరు ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోరు. నెలకోసారి మట్టిదారిలో ఫోర్ హై, ఫోర్ లో రెండూ వేసి కాస్త దూరం నడపండి. లివరు ఇరుక్కుపోయిందో, డ్యాష్‌బోర్డులో లైటు వెలగట్లేదో ఇక్కడే తెలియాలి. తారురోడ్డు మీద మాత్రం ఫోర్ బై ఫోర్ వేసి తిప్పొద్దు. ఈ రకం బండ్లలో చాలావాటికి ముందు, వెనక ఇరుసుల మధ్య డిఫరెన్షియల్, అంటే తిరిగే వేగాల్లో తేడాని సర్దే గేర్ల అమరిక, ఉండదు. మలుపులో ముందు చక్రాలు, వెనక చక్రాలు వేర్వేరు దూరాలు తిరగాలి. తారు మీద జారే వీల్లేక ఆ మెలి అంతా బలాన్ని రెండు ఇరుసులకీ పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ మీద పడుతుంది.

కడుపులో ఉన్నవి: కూలెంట్, బ్రేక్ ఆయిల్, ఇంజిన్ ఆయిల్

డబ్బులు ముందు ఇక్కడ పెట్టండి.

మన దగ్గర రేడియేటర్‌లో కూలెంట్ తగ్గితే బోరునీళ్లు పోసే అలవాటు ఇంకా పోలేదు. బోరునీళ్లలో ఉండే ఉప్పులు రేడియేటర్ గొట్టాల్లో గారలా పేరుకుంటాయి. టీ గిన్నె అడుగున తెల్లగా కట్టేది చూసే ఉంటారుగా, అదే. రేడియేటర్ మొత్తం ఖాళీ చేయించి, ఫ్లష్ చేయించి, డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం కలిపి పోయించండి. ఇథిలీన్ గ్లైకాల్ మిశ్రమం ఆ పాళ్లలో సుమారు మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు. 'రెడీ టు యూజ్' అని రాసి ఉన్న డబ్బా కొంటే అందులో మళ్లీ నీళ్లు కలపకూడదు. ఈ పొరపాటు షాపుల్లో రోజూ జరుగుతుంది.

కూలెంట్ కన్నా జనం పట్టించుకోనిది రేడియేటర్ మూత. ఎత్తు పెరిగేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది, నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. విజయవాడలో 100 డిగ్రీల దగ్గర మరిగే నీళ్లు 5,359 మీటర్ల ఖార్దుంగ్ కనుమ మీద 83 డిగ్రీలు కాకముందే మరుగుతాయి. ఇంజిన్ మామూలుగా నడిచే వేడే అంతకన్నా ఎక్కువ. మరి అక్కడ ఇంజిన్లు ఎలా నడుస్తున్నాయంటే, మూత లోపలి ఒత్తిడిని పట్టి ఉంచుతుంది కాబట్టి. 1.1 బార్ మూత సరిగా పనిచేస్తే అదే కనుమ మీద మరిగే వేడి 113 డిగ్రీల చుట్టూ ఉంటుంది. మూత రబ్బరు ఎండిపోయి ఒత్తిడి వదిలేస్తే ఆ రక్షణంతా పోయినట్టే. కొన్ని వందల రూపాయల వస్తువు. పాతదాని మీద రాసి ఉన్న అంకెకే సరిపోయేది కొత్తది వేయించండి. గొట్టాలు, క్లిప్పులు, ఫ్యాన్ బెల్టు అదే రోజు చూసేయండి. క్లిప్పుల గురించి నేను ఎందుకింత గట్టిగా చెబుతున్నానో మీకు తెలుసు.

బ్రేక్ ఆయిల్ సంగతి ఇంకా విచిత్రం. అది గాలిలోని తేమని పీల్చుకుంటుంది. కృష్ణ ఒడ్డున ఉన్న ఊరు మనది, ఉక్కపోతకి తక్కువ లేదు. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోవచ్చు. కొండ దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టే ఉంచితే డిస్కులు ఆ వేడిని సులభంగా దాటేస్తాయి. అప్పుడు ఆయిల్లో ఆవిరి బుడగలు పుట్టి పెడల్ మెత్తగా అడుగుకంటా దిగిపోతుంది, బండి మాత్రం ఆగదు.

మా మేస్త్రీ నా బండి బ్రేక్ ఆయిల్ తీసి గాజు సీసాలో పోసి, పక్కన కొత్త ఆయిల్ సీసా పెట్టాడు. కొత్తది పల్చటి తేనె రంగు. నాది మూడు సంవత్సరాలది, రెండోసారి తీసిన కాఫీ డికాక్షన్‌లా ఉంది. అడుగున నలుసులు. "ఇదేసుకుని కొండ దిగుదామనే?" అన్నాడు. రెండేళ్లు దాటితే మార్చేయండి, నాలుగు చక్రాల దగ్గరా గాలి తీయించండి.

ఇంజిన్ ఆయిల్ విషయంలో మాన్యువల్‌లో ఏ గ్రేడు రాసి ఉంటే అదే. మన వేడికి దళసరి ఆయిల్ మంచిదని 20డబ్ల్యూ-50 పోసేవాళ్లు ఇంకా ఉన్నారు. మనాలీ–లేహ్ దారిలోని సర్చూలో తెల్లవారుజామున గడ్డకట్టే చలిలో సెల్ఫ్ కొడితే ఆ ఆయిల్ ఆముదంలా కదులుతుంది. 5డబ్ల్యూ-30 అని రాసి ఉంటే అందులో ముందున్న 5 ఆ చలి కోసమే.

హౌసింగ్ ఊపిరిగొట్టం

దీని గురించి విడిగా చెప్పాలి. ఇరుసు మధ్యలో గుండ్రంగా ఉబ్బి ఉండే డిఫరెన్షియల్ హౌసింగ్ పైన చిన్న ఊపిరిగొట్టం ఉంటుంది, బ్రీదర్ అంటారు. బండి నడిస్తే హౌసింగ్ కాగుతుంది, లోపలి గాలి వ్యాకోచించి బ్రీదర్ గుండా బయటికి పోతుంది. అలా కాగిన హౌసింగ్ ఒక్కసారిగా మంచు కరిగిన వాగులో మునిగితే లోపలి గాలి ముడుచుకుని, అదే గొట్టం గుండా నీళ్లని లోపలికి పీల్చుకుంటుంది. నూనెలో నీళ్లు చేరితే పాల కాఫీ రంగులోకి మారుతుంది. ఆ తర్వాత లోపలి పళ్లచక్రాలు (క్రౌన్, పినియన్), బేరింగులు తుప్పుపట్టి అరిగిపోవడం వారాల పని.

చాలా బండ్లకి కంపెనీయే బ్రీదర్‌ని కొంత పైకి తీసుకొస్తుంది. మీ బండికి అది ఎంత ఎత్తులో ఉందో కిందికి దూరి చూడండి. తక్కువ ఎత్తులో ఉంటే ఒక రబ్బరు గొట్టం తగిలించి బోనెట్ కింద పైభాగం దాకా లాగి, చివర చిన్న ఫిల్టర్ పెట్టిస్తే సరిపోతుంది. ఆటోనగర్‌లో ఒక పూట పని. నేను ఇప్పటిదాకా పెట్టిన ఖర్చుల్లో ఇంత తక్కువకి ఇంత పనికొచ్చింది ఇంకోటి లేదు.

ఎయిర్ ఫిల్టర్

థార్ ఎడారి ఇసుకలో మనం కళ్లతో చూసే గింజలు ఇంజిన్‌కి పెద్ద ప్రమాదం కాదు. ముందు బండి లేపే దుమ్ము ఉంటుందే, గోధుమపిండి లాంటిది, అదీ ప్రమాదం. మామూలు పేపర్ ఫిల్టర్లు రెండు కొత్తవి తీసుకెళ్లండి. సాయంత్రం ఆగాక ఫిల్టర్ తీసి టైరు మీద నెమ్మదిగా తట్టండి. మొదటి రోజు నేను తడితే గుప్పెడు పొడి రాలింది, నేలకి కూడా చేరకుండా గాలికి కొట్టుకుపోయింది. సర్వీసు షాపులో కంప్రెసర్ గాలితో బయటి నుంచి కొడతారు చూడండి, అది వద్దు. కాగితానికి కంటికి కనపడని చిల్లులు పడతాయి. గాలి పెట్టాలంటే లోపలి వైపు నుంచి, కాస్త దూరంగా, తక్కువ ఒత్తిడితో. నూనె పూసే స్పోర్ట్స్ ఫిల్టర్లు ఎడారికి వద్దని నా అభిప్రాయం. దుమ్ము కొంత లోపలికి వదులుతాయి, నూనె ఎక్కువైతే గాలిని కొలిచే సెన్సర్ పాడవుతుంది. ఒకరి వెనక ఒకరు వెళ్తున్నప్పుడు ముందు బండి దుమ్ము పూర్తిగా కిందికి దిగేంత దూరం వదలండి. ఇంతకన్నా మంచి ఫిల్టర్ లేదు.

టైర్లు, గాలి

ముందు వయసు చూడండి. టైరు పక్కన కోడిగుడ్డు ఆకారం గీతలో నాలుగు అంకెలుంటాయి. 2324 అంటే 2024లో 23వ వారంలో తయారైంది. మన ఎండలకి రబ్బరు బయటికి బాగానే కనిపిస్తూ లోపల గట్టిపడిపోతుంది. అయిదారేళ్లు దాటినవి ఎంత పువ్వు (ట్రెడ్) మిగిలి ఉన్నా ఈ ప్రయాణానికి వద్దు. స్టెపినీ కూడా అదే సైజు, అదే వయసుది ఉండాలి.

ఎలాంటి టైర్లు అంటే, నాలుగు వేల కిలోమీటర్ల తారురోడ్డు, నాలుగైదు వందల కిలోమీటర్ల ఇసుకో రాయో ఉండే ప్రయాణానికి తారుకీ మట్టికీ రెండింటికీ పనికొచ్చే ఆల్ టెరైన్ టైర్లే సరైనవి. మడ్ టెరైన్ టైర్లు చూడటానికి భీకరంగా ఉంటాయి, ఇసుకలో మాత్రం తేలడానికి బదులు గుంత తవ్వుతాయి, నాగ్‌పూర్ వెళ్లేసరికి చెవులు హోరెత్తుతాయి. పెద్ద సైజుకి మారాలనే సరదా కూడా ఆపుకోండి. థార్‌కి 255/65 ఆర్18, జిమ్నీకి 195/80 ఆర్15 కంపెనీ లెక్క ప్రకారమే సరిపోతాయి.

ఇక గాలి. ఇసుకలో ఇరుక్కునేవాళ్లలో ఎక్కువమంది బండిలో బలం లేక ఇరుక్కోరు, గాలి తీయడానికి బద్ధకించి ఇరుక్కుంటారు. హైవే మీద 32 పీఎస్ఐ పెట్టుకున్న టైరుని ఇసుక మొదలయ్యే చోటే ఆపి 16 నుంచి 18కి తెండి. టైరు పొడవుగా సాగి నేలని ఎక్కువ మేర పట్టుకుంటుంది. ఇసుకలోకి దిగి ఇరుక్కున్నాక తీస్తే సగం పని తవ్వకమే. 15 కన్నా దిగితే మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడే ప్రమాదం ఉంది, అప్పుడు నడక వేగంతో, స్టీరింగ్ మెల్లగా తిప్పుతూ పోవాలి. రాళ్ల దారిలో 22 నుంచి 25 చాలు. టైరు రాయి మీద వంగి పోతుంది, కోసుకోవడం తగ్గుతుంది, మన నడుము కూడా బతుకుతుంది. తిరిగి తారు ఎక్కే ముందు గాలి పెట్టి తీరాలి. తక్కువ గాలితో వేగంగా పోతే టైరు పక్కలు కాగి పగిలిపోతాయి.

కొండల్లో ఇంకో లెక్క ఉంది. గేజి చూపేది టైరు లోపలికీ బయటి గాలికీ ఉన్న తేడా మాత్రమే. విజయవాడ దాదాపు సముద్రమట్టానికే ఉంది. ఖార్దుంగ్ కనుమ మీద బయటి గాలి ఒత్తిడి సగానికి పడిపోతుంది, కాబట్టి గేజి 7 పీఎస్ఐ దాకా ఎక్కువ చూపిస్తుంది. మరోపక్క, ప్రతి 5.5 డిగ్రీల చలికీ సుమారు ఒక పీఎస్ఐ తగ్గుతుంది. ఇక్కడి 40 డిగ్రీల్లో నింపిన టైరు అక్కడి 5 డిగ్రీల్లో ఆరు దాకా కోల్పోతుంది. రెండూ దాదాపు చెల్లుకు చెల్లు. అసలు చిక్కు దిగేటప్పుడు వస్తుంది. చల్లగా ఉన్న ఎత్తులో గేజి ఎక్కువ చూపిందని గాలి తీసేస్తే, కిందికి వచ్చాక టైరు నిస్సారంగా ఉంటుంది. ప్రతి ఉదయం బండి కదలకముందే చూసుకోండి.

దీనికి కావలసిన సామాను మూడే: నమ్మకమైన గేజి, నేరుగా బ్యాటరీకి క్లిప్పులతో తగిలించే కంప్రెసర్, ట్యూబ్‌లెస్ పంక్చర్ కిట్. సిగరెట్ లైటర్ సాకెట్‌కి తగిలించే చిన్న కంప్రెసర్ నాలుగు టైర్లు నింపేసరికి ఫ్యూజ్ కొట్టేస్తుంది. పంక్చర్ వేయడం ఇంటి దగ్గర పాత టైరు మీద రెండుసార్లు సాధన చేయండి. చూడటానికి తేలికే, ఆ బంకపట్టీని సూదితో లోపలికి తోయడానికి ఎంత బలం కావాలో తోసినవాళ్లకే తెలుసు.

కింద దూరి చూడాల్సినవి

షాక్ అబ్జార్బర్లు నూనె కారుతున్నాయా, బుష్‌లు పగిలాయా, కమాన్ కట్టలు లేదా కాయిల్ స్ప్రింగులు బాగున్నాయా, చక్రాలకి బలం అందించే సీవీ జాయింట్ల రబ్బరు బూట్లు (తొడుగులు) చిరిగాయా, బాల్ జాయింట్లు ఆడుతున్నాయా. ఇవన్నీ మేస్త్రీ పావుగంటలో చెబుతాడు. చిరిగిన బూటు మన ఊళ్లో ఆర్నెల్లు నడిపిస్తుందేమో, ఇసుకలో నాలుగు రోజుల్లో జాయింట్‌ని ముగించేస్తుంది.

గతుకుల దారి అన్ని బోల్టుల్నీ వదులు చేస్తుంది. దీనికి ఆటోనగర్‌లో లారీల వాళ్ల పద్ధతొకటి ఉంది. ముఖ్యమైన ప్రతి నట్టు మీద నుంచి పక్క ఇనుము మీదికి ఒకే గీత పెయింటుతో గీయడం. గీత విరిగి కనిపిస్తే నట్టు తిరిగినట్టే. స్పానర్ అక్కర్లేదు, టార్చిలైటు చాలు. వీల్ నట్లు మాత్రం కాలితో తొక్కి బిగించకుండా, మాన్యువల్‌లో ఉన్న లెక్క ప్రకారం టార్క్ రెంచితో బిగించండి.

ఇంజిన్ కిందా, ఇంధన ట్యాంకు కిందా రక్షణ పలక ఉంటే మంచిది. ముందు ఇనుప బుల్ బార్ మాత్రం పెట్టించొద్దు. కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే వాటిని ఆపమని రాష్ట్రాలకు రాసింది. పెద్ద మార్పుల విషయంలో మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది. కంపెనీ ఇచ్చిన ప్రమాణాలకి విరుద్ధంగా మార్చిన బండిని రిజిస్టర్ చేయడం కుదరదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అయిదు రాష్ట్రాలు దాటి పోతున్నప్పుడు ప్రతి చెక్‌పోస్టులో ఆ వాదన ఎవరు పెట్టుకుంటారు?

బరువు లెక్క కాగితం మీద వేయండి

జిమ్నీ ఖాళీ బరువు సుమారు 1,195 కిలోలు, అన్నీ కలిపి ఉండదగ్గది 1,545. అంటే మనుషులకీ సామానుకీ కలిపి 350 కిలోలు. నలుగురు పెద్దవాళ్లు ఎక్కితే 280 పోయాయి. మిగిలిన డెబ్బయిలో తాగునీళ్లు ఇరవై కిలోలు, ఇరవై లీటర్ల పెట్రోలు డబ్బా పంతొమ్మిది, లాగే సామాను, పనిముట్లు పాతిక. బట్టలు ఇంకా పెట్టలేదు! అందుకే మా బావమరిది బండిలో ఇద్దరే వెళ్తారు.

బరువైనవి కింద, రెండు ఇరుసుల మధ్యలో, పట్టీలతో కట్టి ఉండాలి. టాప్ మీద తేలికవే: పరుపులు, టెంటు. దిబ్బ మీద బండి పక్కకి ఒరిగినప్పుడు పైనున్న ప్రతి కిలో బండిని బోర్లా తోస్తుంది. ఇంట్లో వాళ్లు ఇచ్చే గాజుసీసా ఆవకాయని ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చుకోండి. మా వెనకసీటు కార్పెట్‌కి ఇప్పటికీ ఆ వాసన పోలేదు.

లాగే సామాను

రెండు బండ్లుంటేనే వెళ్లండి. ఒంటరి బండికి ఎడారిలో ఎన్ని సామాన్లున్నా సగమే.

పార ఒకటి. ఇసుక తీయడానికి పొడవు కర్ర ఉన్నదైతే బండి కిందికి అందుతుంది. ఇరుక్కున్న చక్రాల కింద పెట్టే ట్రాక్షన్ బోర్డులు ఒక జత. జాకీ కింద వేయడానికి అడుగున్నర చదరం దళసరి చెక్క, లేకపోతే జాకీయే ఇసుకలోకి దిగిపోతుంది. లాగడానికి సాగే నైలాన్ పట్టీ, దాన్ని బండికి తగిలించే ఇనుప కొలుకులు, అంటే షాకిళ్లు, 4.75 టన్నులవి రెండు. తాడు చుట్టుకుంటూ బండిని లాగే వించి మీకు అవసరమని నేను అనుకోను. ఇసుకలో దాన్ని కట్టడానికి చెట్టు ఎక్కడ దొరుకుతుంది?

పట్టీని చాసిస్‌కి బోల్టులతో బిగించిన రికవరీ పాయింట్లకే తగిలించాలి. ఓడలోనో లారీలోనో బండిని కట్టడానికి ఇచ్చే పల్చటి కొక్కేలకి గానీ, ట్రైలర్ తగిలించే గుండుకి గానీ తగిలించకూడదు. సాగిన పట్టీలో ఉన్న బలానికి కొక్కెం ఊడితే అది తూటాలా వచ్చి అద్దం పగలగొట్టుకుని లోపల ఉన్నవాళ్లకి తగులుతుంది. పట్టీ మధ్యలో దుప్పటో గోనెసంచో వేసి, మనుషుల్ని పట్టీ పొడవుకి రెట్టింపు దూరంలో నిలబెట్టండి.

ఇంధనం, చలి

మనాలీ దాటాక లాహౌల్ లోయలో టాండీ పెట్రోలు బంకు దగ్గర తర్వాతి బంకు 365 కిలోమీటర్లు అని రాసిన బోర్డు చాలామంది ఫోటోల్లో కనిపిస్తుంది. మధ్యలో దొరికితే దొరికింది, మీరు మాత్రం ఆ బోర్డుని నమ్మి ట్యాంకు నింపుకోండి. కొండ ఎక్కేటప్పుడు, ఇసుకలో నడిపేటప్పుడు మైలేజీ సగమని లెక్కేసుకోండి. పెట్రోలు ఇనుప డబ్బాలోనే పెట్టాలి, ప్లాస్టిక్ నీళ్ల క్యానులో కాదు.

టర్బో లేని పెట్రోలు ఇంజిన్ ప్రతి వెయ్యి అడుగులకీ సుమారు 3 శాతం బలం పోగొట్టుకుంటుంది. 17 వేల అడుగుల మీద జిమ్నీ సగం గుర్రమే. అక్కడ ఫోర్ లో ఆదుకుంటుంది. డీజిల్ టర్బోకి ఈ బాధ తక్కువ, కానీ బీఎస్6 డీజిల్ బండికి పొగలోని మసిని పట్టే ఫిల్టర్, డీపీఎఫ్ ఉంది. రోజుల తరబడి మొదటి, రెండో గేరులో పాకితే మసి పేరుకుని లైటు వెలుగుతుంది. మంచి రోడ్డు దొరికినచోట ఇరవై నిమిషాలు ఒకే వేగంతో తోలండి. చలికాలం వెళ్లేవాళ్లు డీజిల్ అక్కడి బంకుల్లోనే కొట్టించుకోండి. మైనస్ 33 డిగ్రీల దాకా గడ్డకట్టని డీజిల్‌ని ఇండియన్ ఆయిల్ 2019 నవంబరులో లద్దాఖ్ కోసం తెచ్చింది. మైదానాల్లో డబ్బాల్లో నింపుకెళ్లిన డీజిల్‌లో మైనం తేలి ఫిల్టర్ మూసుకుపోతుంది.

బ్యాటరీ మూడేళ్లు దాటితే లోడు టెస్టు చేయించండి. అంతకుమించి చెప్పడానికేం లేదు.

మన దగ్గరే పరీక్ష

రోళ్లు పగిలే రోహిణి కార్తెలో, మే చివరి వారంలో, మధ్యాహ్నం రెండింటికి, ఏసీ పూర్తిగా పెట్టి, ప్రయాణానికి వేసే బరువంతా వేసి కొండవీడు ఘాట్ రోడ్డు ఎక్కండి. గుంటూరు నుంచి పాతిక కిలోమీటర్లు. టెంపరేచర్ ముల్లు కదలకపోతే మీ కూలింగ్ పాసైనట్టే. దిగేటప్పుడు బ్రేకు వీలైనంత తక్కువ వాడి చిన్న గేరులో ఇంజిన్ పట్టుతో దిగండి. కింద ఆగి చక్రం దగ్గర వాసన చూస్తే మీ కాలి అలవాటు తెలిసిపోతుంది.

ఇసుక సాధనకి అందరూ సూర్యలంక బీచ్ అంటారు. నేను వద్దంటాను. ఉప్పునీళ్లు చాసిస్‌ని తినేస్తాయి, పైగా శీతాకాలం చివర్లో ఆ తీరాన ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. కృష్ణా నది లంక ఊళ్లలో తెలిసినవాళ్ల పొలం పక్కన ఇసుక మేట ఉంటే, వాళ్లని అడిగి, అక్కడ గాలి తీసి, కావాలని ఇరుక్కుని, తవ్వుకుని బయటపడండి. వానాకాలం అయితే గుంటూరు నల్లరేగడి చాలు, రెండు గంటల్లో పట్టీ, షాకిలు, పార అన్నీ నేర్పేస్తుంది. కొండపల్లి అడవిలోకి మాత్రం బండి తిప్పొద్దు, అది రిజర్వు ఫారెస్టు.

వెళ్లాక

జైసల్మేర్ దగ్గర డెజర్ట్ నేషనల్ పార్కు ఉంది. మన రోళ్లపాడు అభయారణ్యంలో ఒకప్పుడు తిరిగిన బట్టమేక పిట్ట ఇప్పుడు ప్రధానంగా అక్కడే మిగిలింది, నేల మీద గుడ్డు పెడుతుంది. దారి వదిలి పొదల్లోకి తోలకండి. దిబ్బలు ఎక్కాలంటే స్థానిక డ్రైవరుని తోడు తీసుకోండి. దిబ్బని నిటారుగా ఎక్కాలి, నిటారుగా దిగాలి, అడ్డంగా పోకూడదు. ఆగాలంటే బ్రేకు తొక్కకుండా యాక్సిలరేటర్ వదిలేస్తే ఇసుకే ఆపుతుంది, వీలైతే ముక్కు కిందికి ఉన్న వాలులో ఆపండి.

హిమాలయాల్లో వాగులు పొద్దున్నే దాటాలి. మధ్యాహ్నానికి మంచు కరిగి అదే వాగు మోకాలి నుంచి నడుముకి పెరుగుతుంది. ముందు ఒకరు చెప్పులతో కాక బూట్లతో దిగి, కర్రతో లోతు చూడాలి. దాటే ముందు పది నిమిషాలు ఆగితే హౌసింగ్ కూడా కాస్త చల్లబడుతుంది. లేహ్ 3,500 మీటర్లు. చేరాక రెండు రోజులు బండినీ మనుషుల్నీ ఊరికే ఉంచండి. తలనొప్పి, వాంతులు పెరిగితే మందు వెతుక్కోవడం కన్నా కిందికి దిగడమే ముందు చేయాల్సిన పని.

ప్రతి సాయంత్రం ఇంజిన్ ఆపాక మేం చేసేది ఒకటే వరస. టార్చి వేసుకుని పెయింటు గీతలు, కింద నూనె చుక్కలు, గొట్టాల క్లిప్పులు, ఫిల్టర్, టైర్ల పక్కలు. ఒకరు చూస్తే ఇంకొకరు రాసుకుంటారు. పావుగంట. మా బావమరిది, "బావా, ఒక్కరోజు మానేద్దాం" అన్న రోజునే సర్చూ దగ్గర వెనక షాక్ అబ్జార్బర్ కింది బోల్టు సగం బయటికి వచ్చి కనిపించింది.

ఇంటికొచ్చాక కింద నుంచి నీళ్లతో బాగా కడిగించండి. హౌసింగ్ ప్లగ్గు తీసి నూనె రంగు చూడండి, పాల కాఫీలా ఉంటే ఆ రోజే మార్చాలి. క్యాబిన్ ఏసీ ఫిల్టర్ పారేసి కొత్తది వేయండి, ఇసుక అందులోంచి ఇంకో నెల రాలుతూనే ఉంటుంది. నా పాత క్యారియర్ మా మేస్త్రీ షెడ్డులో గోడకి ఆనించి ఉంది. సైలెన్సర్లు ఆరబెట్టుకోవడానికి బాగుంటుందని ఉంచుకున్నాడు.